నేరాలు లేని ఠాణాలో నెల రోజులు

పోలీసు ఉద్యోగం ఎలా ఉంటుందో యువత ముందే రుచి చూడాలన్న సదుద్దేశంతో, మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీ పక్క ఠాణాలో ‘భావి రక్షక సేవా పథకం’ ప్రారంభమైంది. నెల రోజులు జీతం లేకుండా పనిచేసిన వారికి సర్టిఫికెట్ ఇస్తారు. మా పక్క క్వార్టర్ సౌభాగ్యగారి అమ్మాయి భవిత అందరికంటే ముందు చేరింది. ఎస్సై కావాలని ఆ పిల్లకి చిన్నప్పటి నుంచీ ఒకటే పట్టుదల.

ప్రారంభోత్సవానికి రెండు గంటలు ఆలస్యంగా విచ్చేసిన పెద్ద అధికారి, పిల్లల్ని ఎండలో నిలబెట్టి సమయపాలన గురించి ప్రసంగించారు. ముగ్గురు కళ్ళు తిరిగి పడిపోయారు. క్రమశిక్షణలో వారికి మార్కులు తగ్గించారు.

రెండో రోజే భవిత ఘోరమైన తప్పు చేసింది. మేక పోయిందని ఏడుస్తూ వచ్చిన ముసలమ్మని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఫిర్యాదు రాసేసుకుంది. శిక్షణ ఇచ్చే హెడ్ కానిస్టేబుల్ గిరిబాబుగారు అదిరిపడ్డారు. ఆయనదీ మాలాగే తాతల నాడు శ్రీకాకుళం నుంచి వచ్చిన రైల్వే కుటుంబమే.

“ఏటమ్మా, రాసేసినావా! రాస్తే కేసవుద్ది. కేసయితే నేరం జరిగినట్టు కాదేటి? నేరాల్లేని ఠాణా అని మూడేళ్ళబట్టి మనకే షీల్డొస్తంది.”

“మేక పోయింది కదా అంకుల్?”

“దొంగెత్తుకెళ్ళినాడని ఎవలు సూసినారు? ఊరెళ్ళుంటది. వస్తాది. ఇంకొక్కటి రాసినావంటే నీ సర్టిఫికెట్ సంగతి మరిచిపో. సమఝీ?”

ఆ సాయంత్రం సిబ్బంది ఆ ఫిర్యాదు కాగితంలోనే సమోసాలు పెట్టుకుని తిన్నారు.

భవిత త్వరగానే దారిలో పడింది. ఫోన్ పోయిందంటే “ఇంట్లో మళ్ళీ వెతకండి” అంది. సైకిల్ పోయిందంటే “ఆ సందు మా ఠాణా కిందికి రాదు” అంది. గొలుసు తెంపుకుపోయారంటే “వేసుకుని ఎందుకు తిరిగారు?” అని నిలదీసింది. మూడో వారానికి జనం రావడమే మానేశారు. శాంతిభద్రతలు ఇంత వేగంగా మెరుగుపడటం తన సర్వీసులో చూడలేదని గిరిబాబుగారే మెచ్చుకున్నారు.

ఇరవై తొమ్మిదో రోజు సౌభాగ్యగారి స్కూటీ పోయింది. నన్ను వెంటబెట్టుకుని ఠాణాకి పరిగెత్తారు. బల్ల వెనక కూతురు కూర్చుని ఉంది. పెన్ను తీసింది. షీల్డు వైపు చూసింది. గిరిబాబుగారి వైపు చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“మమ్మీ, రేపే సర్టిఫికెట్,” అంది మెల్లిగా.

సౌభాగ్యగారు కొంగుతో మొహం తుడుచుకున్నారు. “అచ్ఛా... నానే బుధవారీ బజార్లో ఒగ్గేసి వచ్చేసినానేమోలే.”

“శభాష్! తల్లంటే ఇలాగుండాల,” అన్నారు గిరిబాబుగారు.

మర్నాడు భవితకి ఉత్తమ వాలంటీరు సర్టిఫికెట్, ఠాణాకి నాలుగో షీల్డు వచ్చాయి. సౌభాగ్యగారు ఆటోలో వెళ్ళి చప్పట్లు కొట్టి వచ్చారు.

నిన్న మా వరండాలోంచి గ్యాస్ సిలిండర్ మాయమైంది. ఫిర్యాదు చేద్దామని మా వారు చొక్కా వేసుకుంటుంటే నేనే ఆపాను. మా అమ్మాయి హరిప్రియ ఆ పథకం రెండో బ్యాచ్‌లో ఉంది.

సిలిండర్ ఊరెళ్ళి ఉంటుంది. వస్తుంది.