పగడపు దిబ్బ మీద పరదా గుడ్డలు

శనివారం ఉదయం టీ తాగుతూ వాసెమదా టీచరు ఒక నిర్ణయానికి వచ్చారు. ఊరి పిల్లలందరికీ చర్చి హాలులో బొమ్మల సినిమా చూపించి, అందులో దాగిన సందేశాన్ని తానే విప్పి చెప్పాలి. బొమ్మల సినిమా అనగానే మెదడును చెప్పులతో పాటు గుమ్మం బయట విడిచివచ్చే పెద్దలంటే ఆవిడకు అసహ్యం. వారిలో ప్రథముడు ఊరి దొర రాతు జోసెవాతా. వరసకు ఆవిడ మేనబావ.

ఓవలావు దీవిలోని ఆ ఊరి పగడపు దిబ్బ దగ్గర చిలకచేపలు అరచేయంత కూడా పెరగకముందే పెనమెక్కుతున్నాయి. కొన్నాళ్లు వేట ఆపించమని ఆవిడ ఎప్పుడడిగినా దొరది ఒకటే సమాధానం.

"నేను పోయాక ఆచారం ప్రకారం దిబ్బమీద గుడ్డల కర్రలు పాతి నూరు రాత్రులు వేట ఎలాగూ ఆపుతారుగా మరదలా! అందాకా తిననీ."

"ఈ సినిమా చూడండి బావగారూ, తెలిసొస్తుంది."

"చూశాలే. ఓ ముసలి చేప పాడుతుంది, పిల్ల చేపలు గెంతుతాయి. సందేశమట, నా తలకాయ!"

సినిమా ముగిశాక టీచరు పిల్లలను నిలదీశారు. "ఏం తెలిసింది?"

"ముసలి చేపకి పళ్లు లేవు టీచర్!"

"కూర్చో. సముద్రానికీ సెలవు కావాలని పాడుతోందది. ఆ సెలవు ఎవరివ్వాలి?"

పిల్లలు అప్పటికే గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నారు. ఆవిడ నిట్టూర్చి, ఇంటికి వెళ్లి కునుకు తీశారు. పాఠం మాత్రం పిల్లలకు బాగా ఒంటబట్టింది. టీచరుగారింటి దండెం మీది పాత పరదాను వాళ్లు చించి, కర్రలకు కట్టి, నీరు తగ్గగానే దిబ్బ పొడవునా పాతారు.

పడవలో తిరిగివస్తున్న ఫిలిమోనీ ఆ గుడ్డలను చూసి టోపీ తీసేశాడు. దొర పోయారా అని ఆ ఊళ్లో నోరు తెరిచి అడగకూడదు గనుక ఎవరూ ఎవరినీ అడగలేదు. కొయ్య ఢంకా మోగింది. పొరుగూళ్లవారు చాపలు మోసుకువచ్చి, సంతాప కానుకగా తిమింగలపు దంతాలు సమర్పించారు. దొర తరఫున మాట చెప్పే పెద్ద, కన్నీళ్లతో వాటిని అందుకున్నాడు. మట్టిపొయ్యిలో పంది ఉడికింది, వడ్డనా అయింది.

ఉదయమే కొండమీది దుంపతోటకు వెళ్లిన దొర, ఢంకా విని పరుగున బయల్దేరినా వడ్డన ముగిశాకే ఊరు చేరారు. అడగకూడదు గనుక ఆయనా అడగలేదు. తలలు వంచి ఏడుస్తున్నవారి వెనక వరసలో మరదలి పక్కన కూలబడి అందరికంటే గట్టిగా ఏడ్చారు. అప్పటికే దిబ్బమీద తన పరదాను గుర్తుపట్టిన టీచరు, ఆయన ఏడుపును ఆసక్తిగా గమనించారు. చివరకు ఆయనే ఉండబట్టలేక గుసగుసలాడారు.

"ఎవరే పోయింది?"

"మీరే, బావగారూ."

ఏడుపులు ఆగిపోయాయి. "మరి దిబ్బమీద కర్రలో?" అని ఫిలిమోనీ కేకపెట్టాడు.

పిల్లలు చేతులెత్తారు. "మేమే! సముద్రానికి సెలవిచ్చాం!"

"పీకండి ఆ గుడ్డలు!" దొర గర్జించారు.

"పీకించండి." టీచరు గొంతు పెంచలేదు. "ముందు ఎవరి దంతాలు వాళ్ల చేతుల్లో పెట్టండి. ఆపైన పందిని కూడా."

"పుచ్చుకున్న దంతం తిరిగిస్తే నా పరువేం కావాలే?"

"అందుకే చెబుతున్నా. సంతాపం పుచ్చుకున్నాక పాటించాలి. నూరు రాత్రులు."

దొర పంది ఎముకల వంక చూశారు, వచ్చినవారి వంక చూశారు. కర్రలు ఉండిపోయాయి.

బొమ్మల సినిమాల్లో సందేశాలేవీ ఉండవని ఆయన డబ్బాచేప నములుతూ ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నారు.