నీలం తలుపు తాళంచెవి

రత్నాలమ్మ ఆ రోజుకు వేసుకున్న పథకం చిన్నదే. కూతురు నిద్ర లేవకముందే మనవణ్ణి జీడితోటలోకి తీసుకెళ్లి, వాడి పని కానిచ్చి, ఏమీ ఎరగనట్టు తిరిగి రావాలి. ఆరు రోజులుగా ఆమె చేస్తున్నది అదే.

మనవడి పేరు జగదీష్. మూడేళ్లకు రెండు నెలలు తక్కువ. వాడికి ఏడో నెల వచ్చేసరికి తల్లి ప్రమోదిని వాణ్ణి ఈ ఉద్దానం పల్లెలో అమ్మ ఒళ్లో పెట్టి టెక్కలి వెళ్లిపోయింది. అక్కడ ఆమె కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెబుతుంది, భర్త రవిశంకర్ ఒక ఆఫీసులో గుమాస్తా. ఆనాడు బస్సు కదిలినప్పుడు పిల్లవాడు ఏడ్చిన ఏడుపు రత్నాలమ్మ చెవుల్లోంచి ఇంకా పోలేదు. ఈసారి బస్సెక్కేది వాడు. ఈసారి ఏడ్చేది ఎవరో ఆమెకు తెలుసు.

జూన్ రెండో వారంలో టెక్కలిలో ఒక కాన్వెంటు తెరుస్తారు. వాళ్ల రంగుల కాగితం మీద టై కట్టుకున్న పిల్లలు, ఫౌంటెను, ఒక గుర్రం కూడా ఉన్నాయి. దరఖాస్తులో పిల్లవాడి పేరుకంటే ముందే ఒక ప్రశ్న ఉంది: టాయిలెట్ అలవాటు అయిందా, లేదా? లేదు అంటే సీటు లేదు. ఆ ప్రశ్నకు జవాబు తయారుచేయడానికే ప్రమోదిని పదిహేను రోజులు సెలవు పెట్టి, పలాసలో పిల్లలు దొడ్డికి కూర్చునే, బాతు ఆకారపు పసుపుపచ్చ ప్లాస్టిక్ పీట కొనుక్కుని వచ్చింది.

జగదీష్‌కు బాతు నచ్చింది. దాన్ని తాడు కట్టి వీధంతా ఈడ్చాడు. బోర్లించి తల మీద పెట్టుకున్నాడు. దాని కడుపులో రెండు కోడిపిల్లల్ని కూర్చోబెట్టి, అవి లేచిపోతుంటే తల్లి తనను కోప్పడినట్టే వాటిని కోప్పడ్డాడు. తాను మాత్రం కూర్చోలేదు. బలవంతాన కూర్చోబెడితే ఫలితం లేదు. ఉండడానికి వీల్లేదు. ఆ ఫలితం అప్పటికే జీడిచెట్టు కింద ఉంది.

ఆరో రోజున ప్రమోదిని వారపత్రికలో చదివిన సంగతొకటి తీసింది. పిల్లలు చెబితే నేర్చుకోరు, చూసి నేర్చుకుంటారు. తొందరపెట్టకూడదు, ఇంట్లో పెద్దవాళ్లు ఏం చేస్తే అదే చేస్తారు.

"ఈ ఇంట్లో పెద్దోలేటి సేత్తన్నారు? తెల్లారితే సెంబట్టుకుని తోటకెల్తన్నారు. ఆడూ సెంబే అడుగుతన్నాడు. ఆడి తప్పేటుంది?" అంది తండ్రిని చూస్తూ.

తండ్రి ధర్మారావు ఒకప్పుడు ఆ ఊరికి సర్పంచి. ఊళ్లో మొట్టమొదటి మరుగుదొడ్డి ఆయనదే. పెరట్లో, గోడకు సున్నం, తలుపుకు నీలం రంగు. రిబ్బను కత్తిరించిన రోజు ఫొటో ఇప్పటికీ ముందుగదిలో వేలాడుతోంది. మర్నాడే ఆయన అందులో పదకొండు జీడిపిక్కల బస్తాలు వేసి తాళం పెట్టాడు. ఎలకలు దూరని గది ఊళ్లో అదొక్కటే. తాళంచెవి ఆయన మొలతాడుకుంటుంది. ఆయన్ను చూసి ప్రభుత్వ ఖర్చుతో ఊరంతా కట్టించుకుంది, ఆయన్ను చూసే ఊరంతా వాడుకుంటోంది. ఒకరిది వంటచెరకు, ఒకరిది వల, ఒకరిది కొబ్బరికాయలు.

"మంచి గది. పాడు సేసుకుంతావేటి?" అన్నాడు ధర్మారావు.

ఆ మాటతో గండం గడిచినట్టేనని రత్నాలమ్మ లోపల దండం పెట్టుకుంది. కానీ ఆ సాయంత్రమే రవిశంకర్ రెండు రోజులు ఉందామని వచ్చాడు. కాఫీ తాగి, ఫొటో వైపు చూసి, మావయ్యగారు రిబ్బను కత్తిరించింది మరుగుదొడ్డికా గోడౌనుకా అని చాలా మర్యాదగా అడిగాడు. అల్లుడి నోట ఆ మాట పడ్డాక ధర్మారావుకు అన్నం సహించలేదు. మర్నాడు తెల్లవారుతూనే తాళం తీసి బస్తాలు వీధి అరుగు మీదికి మోయించాడు. గది కడిగించాడు. కడిగిన గదిని ఎవరైనా పాడుచేస్తారని మళ్లీ తాళం వేశాడు. తాళంచెవి కావాలని మనవడు కాళ్లకు చుట్టుకుంటే, సరదాగా వాడి మొలతాడుకే కట్టాడు. ఆ తరవాత వాడు బాతును పట్టించుకోలేదు. రోజంతా తలుపు ముందు కూర్చుని తాళం తీయడం, వేయడం.

ఎదురింటి అసిరయ్య అరుగు మీద బస్తాలు చూశాడు. పెరట్లోకి తొంగిచూసి తడిసిన నీలం తలుపూ చూశాడు. ధర్మారావు ఊరికే తన పిక్కలు కదిపే మనిషి కాదు. ఎందుకని అడిగితే, మనవడికి నేర్పడానికి అని ఉన్నమాటే చెప్పాడు ధర్మారావు. అసిరయ్య నవ్వి ఇంటికెళ్లి పెళ్లాంతో అన్నాడు:

"సెప్పడే. మాజీ కదా, ఆడికి ముందే కబురొచ్చుంటాది. లెట్రిన్లు సూడ్డానికి పెద్ద ఆపీసర్లొత్తన్నారు. మనవడంట, మనవడు. ఆ బియ్యం డబ్బాలు బేగి బయటెట్టు."

మధ్యాహ్నానికి వీధి వీధంతా సంతలా ఉంది. ప్రతి ఇంటి ముందూ కట్టెల మోపులు, వలలు, కొబ్బరికాయలు, పనికిరాని నాగళ్లు. ఒక ఇంట్లో పొదిగే కోడిని గుడ్లతో సహా గంపలో బయట పెట్టారు. అది అటువైపు వెళ్లినవాళ్లందరినీ పొడిచింది.

ఇప్పటి సర్పంచి వైకుంఠరావు ఇదంతా చూసి చెమటలు కక్కాడు. తనకు తెలియకుండా తన ఊరికి అధికారులా? ధర్మారావు తన పరువు తీయడానికి వేసిన ఎత్తే అనుకుని మోటారుసైకిలు మీద మండలాఫీసుకు పరిగెత్తాడు. అక్కడి అధికారికి ఏ తనిఖీ సంగతీ తెలియదు. కానీ ఆయన ఆ మాట ఒప్పుకోలేదు. జిల్లా నుంచి తనను దాటి ఎవరో వస్తున్నారని ఆయన గుండె కూడా జారింది. వాళ్లకంటే ముందు తాను చూసిరావడం మంచిదనుకుని, రేపు ఉదయం ఎనిమిదింటికి నేనే వస్తున్నాను, ఏర్పాట్లు చూడండి అన్నాడు. లేని తనిఖీ ఆ విధంగా ఖాయమైంది.

వైకుంఠరావు చేసిన ఏర్పాటు ఒకటే. తలారి పోలారావుకు ఈల ఇచ్చి తోటదారిలో నిలబెట్టాడు. అధికారి వచ్చి వెళ్లేదాకా చెంబుతో ఒక్కరు కనపడకూడదు. మరి ఇళ్లలో వెళదామంటే, కడిగి ముగ్గులు పెట్టిన మరుగుదొడ్లను ఆయన రాకముందే మైల చేయడానికి ఏ ఇంట్లోనూ పెద్దవాళ్లు ఒప్పుకోలేదు.

ఆ తెల్లవారి రత్నాలమ్మ ఎప్పటిలాగే చెంబుతో, మనవడితో బయల్దేరింది. మలుపు దగ్గర ఈల వినపడింది.

"అప్పా, ఎనక్కెల్లిపో," అన్నాడు వరసకు తమ్ముడయ్యే పోలారావు.

"పిల్లోడురా పోలీ. ఆడికి రూల్సేటి?"

"ఎవులికైనా ఒకటే. నాను నాలుగ్గంటల కాణ్ణుంచి ఇక్కడే నిలబడున్నాను. నా బాధ నీకేటి తెలుసు?"

ఆమె వెనక్కి తిరిగింది. ఏడు రోజుల్లో మొదటిసారి, జగదీష్ కడుపులో ఉన్నది కడుపులోనే ఉండిపోయింది.

జీపు ఎనిమిదింటికి రాలేదు, పదిన్నరకు వచ్చింది. అప్పటికి ఊరంతా చాలా క్రమశిక్షణతో ఉంది. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఎవరూ నవ్వడం లేదు. కూర్చోమంటే ఎవరూ కూర్చోవడం లేదు. ఇంత వినయం ఏ ఊళ్లోనూ చూడలేదన్నాడు అధికారి. వెంట ఒక పత్రికాయన కూడా ఉన్నాడు. తలుపులన్నీ తీసి చూశారు. తళతళలాడుతున్నాయి. ఒకరింట్లో అగరొత్తులు కూడా వెలుగుతున్నాయి.

"కొత్తవాటిలా ఉన్నాయే. వాడుతున్నారా?" అన్నాడు అధికారి.

వాడుతున్నామని అందరూ ఒక్కసారే అన్నారు. ఎవరు వాడుతున్నారో చెప్పమంటే ప్రతివాడూ పక్కింటివాణ్ణి చూపించాడు.

చివరికి అందరూ నీలం తలుపు ముందుకు చేరారు. తాళం ఉంది. తాళంచెవి ఏదని అధికారి అడిగేలోపు జగదీష్ మనుషుల కాళ్ల సందుల్లోంచి దూసుకొచ్చాడు. వాడి ముఖం ఎర్రగా కంది ఉంది. మొలతాడు లాగి తాళం తీశాడు, లోపలికి దూరి తలుపు మూశాడు. ధర్మారావు తోయబోతే లోపల్నుంచి కేక వచ్చింది. అధికారి చెయ్యెత్తి అందరినీ ఆపాడు. మాజీ సర్పంచి, ఇప్పటి సర్పంచి, అసిరయ్య, పత్రికాయన అందరూ ఆ తలుపుకేసి చూస్తూ నిలబడ్డారు.

"అమ్మమ్మా, అయిపోనాది. నీల్లు," అన్నాడు లోపల్నుంచి.

ప్రమోదిని కళ్లు తుడుచుకుంది. ధర్మారావు అల్లుడి వైపు చూశాడు. అధికారి చప్పట్లు కొట్టాడు. ఊరు కూడా కొట్టింది. జీపు కదలగానే ఊరు మొత్తం, సర్పంచి ముందుగా, జీడితోటలోకి పరుగు తీసింది. చెంబు తీసుకెళ్లి లోపల మనవణ్ణి కడుగుతున్న రత్నాలమ్మ ఒక్కతే మిగిలింది. వాడు చాలా గర్వంగా ఉన్నాడు. చెంబులో నీళ్లు అయిపోయినా ఆమె కడుగుతూనే ఉంది.

ఆదర్శ బాలుడు అని జిల్లా పేజీలో ఫొటో పడింది. ప్రమోదిని దాన్ని కత్తిరించి దరఖాస్తుకు అంటించింది. ఇంటర్వ్యూ లేకుండానే సీటిచ్చారు. జూన్ రెండో వారంలో బస్సు వచ్చింది. రత్నాలమ్మ వాడి చొక్కాలు ఐదుసార్లు మడతపెట్టి సంచిలో సర్ది, జంతికలు విడిగా కట్టి, బస్సు మలుపు తిరిగేదాకా నవ్వుతూనే చెయ్యి ఊపింది. ఆ తరవాత పెరట్లోకెళ్లి, తాళం వేయకుండా వదిలేసిన నీలం తలుపు వెనక గడియ పెట్టుకుని కూర్చుంది. ఆ గదిని ఆమె వాడటం అదే మొదటిసారి, అదీ ఏడవడానికి.

పదో రోజు మధ్యాహ్నం అదే బస్సు ఆగింది. ముందు సంచి దిగింది, తరవాత జగదీష్, వాడి వెనక ముఖం మాడ్చుకుని ప్రమోదిని. ఆమె చేతిలో కాన్వెంటు వాళ్ల ఉత్తరం ఉంది. గుర్రం బొమ్మ దాని మీదా ఉంది.

విషయం ఆమె ఇంటి మెట్ల మీదే చెప్పింది. ఆ కాన్వెంటులో టాయిలెట్ లేదు. ఫౌంటెనూ లేదనుకోండి, గుర్రం సంగతి సరేసరి. పదకొండింటికి ఆయా పిల్లల్ని వరసకట్టించి, తలా ఒక నీళ్లసీసా ఇచ్చి, ప్రహరీ వెనక తుప్పల్లోకి తీసుకెళ్తుంది. అందరూ బుద్ధిగా కూర్చుంటారు. జగదీష్ నిలబడి నీలం తలుపేదని అడుగుతాడు. తలుపు లేదంటే సాయంత్రం దాకా బిగబట్టుకుంటాడు. మూడు రోజులు చూసి, నాలుగో రోజు వాడు తరగతిలోనే కానిచ్చాక ఉత్తరం రాశారు. ఈ పిల్లవాడికి టాయిలెట్ అలవాట్లు లేవు, ఇంటి దగ్గర సరిగా నేర్పించి వచ్చే ఏడాది తీసుకురండి.

"బయట కూకోడం నేర్పమంతన్నారమ్మా. ఎన్నాళ్లు పడతాదంతావు?" అంది ప్రమోదిని నీరసంగా.

రత్నాలమ్మ మనవణ్ణి చంకనెత్తుకుంది. వాడి మొలతాడుకు తాళంచెవి ఇంకా వేలాడుతోంది.

"సిన్నగుంటడు కదమ్మా. తొందరపెట్టకూడదని నువ్వే సదివినావు కదేటి," అంది.

మర్నాడు పొద్దున్నే, కూతురు చూస్తుండగా, ఆమె చెంబు పట్టుకుని మనవణ్ణి వెంటబెట్టుకుని తోటకు బయల్దేరింది. ఇంటి మూల తిరిగాక వాడు పెరటి వైపు చెయ్యి లాగాడు. ఆమె అటే తిరిగింది.

జీడితోట అక్కడికి నూరడుగులే గాని, ఆ ఏడాదంతా అమ్మమ్మకూ మనవడికీ ఆ దారి దొరకలేదు.