సార్ ఎక్కితేనే ఎక్కుతం

సోమవారం పొద్దున పట్టాభిరామయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. సైకిల్‌ను ఉప్పల్ నుంచి నాచారం దాకా నడిపించుకుంటూ తీసుకెళ్లాలి. స్కూలు దగ్గర పడ్డాక ఏదో ఒక గోడ చాటున మోకాలికి ఉత్తుత్తి కట్టు కట్టుకోవాలి. గేటు పక్కన స్టాండు వేసి తాళం బిగించాలి. ఇక జన్మలో ఆ సైకిల్‌ను ముట్టుకోకూడదు.

పథకం అంతా బాగానే ఉంది. దారిలో తనను ఎవరైనా చూస్తారన్న సంగతి ఒక్కటే అందులో లేదు.

ఆయనకు యాభై ఆరేళ్లు. నాచారంలోని ఒక ప్రైవేటు హైస్కూల్లో పాతికేళ్లుగా సోషల్ చెబుతున్నాడు. మొగలాయి సామ్రాజ్యాన్ని ఏటా జూన్‌లో నిలబెట్టి, ఏటా డిసెంబరుకల్లా కూల్చి, ఆ పని మీద బాగా అలసిపోయాడు. ఇంకో రెండేళ్లు ఎలాగో నెట్టుకొస్తే ఉప్పల్లో ఇంటి ముందు కుర్చీ వేసుకుని ఎవరికీ ఏమీ నేర్పకుండా కూర్చోవచ్చు. ఆయన కోరిక అంతవరకే.

ఆ కోరికకు అడ్డం వచ్చింది ప్రిన్సిపాల్ సూర్యకళ. శుక్రవారం స్టాఫ్ మీటింగులో ఆమె ఒక ప్రకటన చేసింది. ఇకనుంచి ప్రతి టీచరూ పాఠం కాక మరొకటి నేర్పాలి. నేర్పలేనివాళ్లు ఏప్రిల్లో వేరే స్కూలు చూసుకోవాలి. ఆమె ఆ మాట అన్నప్పుడు పట్టాభిరామయ్య టీ తాగడానికి బయటికి వెళ్లి ఉన్నాడు. తిరిగొచ్చేసరికి యోగా తెలుగు టీచరు తీసుకుంది. చదరంగం లెక్కల మాస్టారు పట్టుకుపోయాడు. సంగీతం, తోటపని కూడా పోయాయి. మిగిలింది సైకిల్.

"మీకే ఇస్తున్న సార్," అంది సూర్యకళ. "సైకిల్ పీరియడ్ పెడితె పిల్లలకు కాళ్లల్ల బలం వస్తది. ఫోన్ పక్కకు పెడ్తరు. రోడ్డు మీద ఎట్ల పోవాల్నో చిన్నప్పుడే తెలుస్తది. దింపుటానికి అమ్మానాయిన అక్కర్లేదు. గేటు కాడ పొగ తగ్గుతది. ఒక్క పీరియడ్‌తోటి ఇన్ని లాభాలు. మీ సోషల్ల ఉన్నయా చెప్పండి?"

"లేవు మేడమ్," అన్నాడు పట్టాభిరామయ్య. ఆ విషయంలో ఆయనకూ అనుమానం లేదు.

"సోమవారం మీరు సైకిల్ మీదనే రావాలె. పేరెంట్స్‌ని పిలుస్తున్న. వాళ్ల ముంగట గ్రౌండ్ల ఒక్క రౌండ్ కొడితే చాలు."

తనకు సైకిల్ తొక్కడం రాదని చెబుదామని నోరు తెరిచాడు. కళ్ల ముందు ఏప్రిల్ నెల కనిపించింది. నోరు మూసుకున్నాడు.

ఆదివారం సాయంత్రం పక్కింటి బాలరాజు దగ్గర సైకిల్ అడిగి తెచ్చాడు. బాలరాజు నాచారంలో మందుల కంపెనీలో పనిచేస్తాడు. మోటారు బైకు మీద తిరుగుతాడు. ఇంట్లో ఉన్నది వాళ్లమ్మాయి దీప కాలేజీలో చేరాక వదిలేసిన లేడీస్ సైకిల్. గులాబీ రంగు. ముందు బుట్ట.

"ఎక్కడికండీ ఇది?" అంది భార్య తారామణి, పొద్దున ఆ బుట్టలో టిఫిన్ డబ్బా పెడుతూ.

"బాలరాజుది. నాచారంలో రిపేరుకిచ్చి వస్తా."

"ఉప్పల్లో రిపేరు షాపులే లేవా?"

"అక్కడివాడు బాగా చేస్తాడు." పొద్దుటి పూటే మొదటి అబద్ధం అయిపోయింది. ఆయనకు అప్పుడే నీరసం వచ్చింది.

మెట్రో స్తంభాల పక్కన నడక మొదలుపెట్టాడు. ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్ దాకా బాగానే నడిచింది. అక్కడ వెనక గంట మోగింది.

"గుడ్ మార్నింగ్ సార్!"

తొమ్మిదో తరగతి అమృత. పలకరించిన మరుక్షణం సైకిల్ దిగేసింది. ఆ స్కూలు పిల్లలకు అదొక అలవాటు. రోడ్డు మీద సారు కనిపిస్తే సైకిల్ దిగాలి, నమస్తే చెప్పాలి, సారు ముందుకు వెళ్లాక ఎక్కాలి. ఎవరు పెట్టారో తెలియదు గాని ఎవరూ తప్పరు. మామూలుగా సార్లు స్కూటర్ల మీదో బస్సుల్లోనో వెళ్తారు కాబట్టి అది క్షణంలో అయిపోతుంది. ఈసారి సారు నడుస్తున్నాడు.

"ఎక్కి వెళ్లమ్మా, లేటవుతుంది."

"మీరు నడుస్తుంటె నేనెట్ల ఎక్కుత సార్? మీరు ఎక్కుర్రి. నేను మీ ఎనక వస్తా."

"నడిస్తే ఒంటికి మంచిదని..."

"అయితే నేను గూడ నడుస్త."

వీధి వీధికీ ఒకరిద్దరు చేరారు. హబ్సిగూడ దగ్గర పడేసరికి వెనక పదిహేను సైకిళ్లు ఉన్నాయి. అన్నీ నడుస్తున్నాయి. ఒకడికి పంక్చరని చెప్పాడు. వాడు రెండు టైర్లూ బొటనవేలితో నొక్కి, "హవా మస్తుగుంది సార్, ఎక్కుర్రి," అన్నాడు. ఇంకొకడికి బ్రేకులు పట్టడం లేదని చెప్పాడు. వాడు బ్రేకు నొక్కాడు. సైకిల్ ఎక్కడిదక్కడ ఆగింది, సారు ముందుకు తూలాడు. ఇక అబద్ధాలాడే ఓపిక లేక తల వంచుకుని నడిచాడు. సారు తల వంచుకున్నాడని పిల్లలూ వంచుకున్నారు.

అక్కడితో ఆగినా బాగుండేది. కాని పాతికేళ్లలో ఆయన దగ్గర చదవనివాళ్లు ఆ చుట్టుపక్కల తక్కువ. ఫుడ్ డెలివరీ చేసే పాత విద్యార్థి ఒకడు స్కూటరు దిగి తోసుకుంటూ చేరాడు. ఆ వెనకే ఒక ఆటో ఆగింది. డ్రైవరు కిందికి దిగి ఆటోను తొయ్యడం మొదలుపెట్టాడు. లోపల ఇద్దరు ప్యాసింజర్లు అలాగే కూర్చుని ఉన్నారు.

"ఏంది భయ్, బండి ఎందుకు దొబ్బుతున్నవ్?"

"మా సార్ నడుస్తున్నడు."

"నడిస్తె మాకేంది? మాకు షిఫ్టు టైమైతుంది!"

"మీకేం లేదన్నా. మీరు కూసోండి. సార్ ముంగట నేనే బండి మీద కూసోను."

మనిషి తోస్తున్న ఆటోలో కూర్చోవడానికి మొహమాటపడి వాళ్లిద్దరూ దిగారు. వాళ్లూ నడిచారు.

హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ నరేందర్ ఆయన్ను చూసి సెల్యూట్ కొట్టాడు. ఒకప్పుడు పానిపట్టు యుద్ధాలు ఎన్నో చెప్పలేక వారం పాటు బెంచీ ఎక్కిన మనిషి.

"మూడు సార్!" అని అరిచి, నాలుగు వైపులా బండ్లు ఆపేశాడు. "మా సార్ దాటేదాక ఒక్కడు కదలొద్దు!"

హారన్ల మధ్య ఊరేగింపు నాచారం వైపు తిరిగింది.

ఇప్పుడు తలకూ తోకకూ సంబంధం లేదు. తోకలో ఉన్నవాళ్లకు సారు కనిపించడు. ముందువాళ్లు దిగారు కాబట్టి వీళ్లూ దిగారు. అప్పుడే డ్యూటీకి వెళ్తున్న బాలరాజు తోక దగ్గర బైకు ఆపాడు. వంచిన తలలు. మెల్లని నడక. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఆగిపోయిన ట్రాఫిక్.

"ఎవరి కోసం తమ్మీ?" అన్నాడు గొంతు తగ్గించి.

"పట్టాభి సార్ కోసం అంకుల్."

బాలరాజు హెల్మెట్ తీసేశాడు. "ఎప్పుడైంది?"

"పొద్దుగాలనే. మెట్రో స్టేషన్ కాడ మొదలైందట."

"అయ్యో, నా సైకిలే!" అన్నాడు బాలరాజు. "దీపమ్మ తొక్కక ఏండ్లయింది. బ్రేకులు జూపియ్యకుండ ఇస్తినే!" బైకును రోడ్డు పక్క ఎక్కడో నిలబెట్టి, ఏడుస్తూ భార్యకు ఫోన్ చేశాడు. ఆమె గోడ మీదుగా తారామణికి చెప్పింది.

వార్త మెయిన్ రోడ్డు మీద పూలకొట్టు హన్మయ్యకూ చేరింది. ఆయన ఇద్దరు కొడుకులూ సారు దగ్గరే చదివారు. పెద్ద బంతిపూల దండ భుజాన వేసుకుని, కళ్లు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. వచ్చి చూస్తే అందరికన్నా ముందు సారే నడుస్తున్నాడు.

హన్మయ్య నడిరోడ్డు మీద ఆగిపోయాడు.

"ఏమిటి హన్మయ్యా?"

"ఏం లేదు సార్." దండ వైపు చూశాడు. సారు వైపు చూశాడు. తెచ్చిన దండ వెనక్కి తీసుకెళ్తే బాగుండదు. "సన్మానం సార్." మెడలో వేసేశాడు.

దండ నడుము కిందికి వేలాడింది. బాగా బరువుగా ఉంది. ఎవరికి, ఎందుకు సన్మానం అని అడిగే శక్తి పట్టాభిరామయ్యకు లేదు. గోడ చాటూ లేదు, కట్టు కట్టుకునే వీలూ లేదు. కిలోమీటరు పొడవున మనుషులున్నారు.

గేటు దగ్గర తల్లిదండ్రులతో నిలబడ్డ సూర్యకళ ఆ దృశ్యం చూసి చేతులు జోడించింది. "సార్! నేను ఒక్క రౌండ్ అడిగితె మీరు ఊరినే తెచ్చిన్రు!"

జనం గ్రౌండు చుట్టూ మూగారు. కొందరు గోడలెక్కారు.

"పిల్లలూ, ఎక్కండి సైకిళ్లు!" అంది సూర్యకళ.

ఒక్కరూ కదల్లేదు. "సార్ ఎక్కితేనే ఎక్కుతం మేడమ్," అంది అమృత.

"విన్నరు గద సార్? ఎక్కండి."

"సార్ ఎక్కాలె! సార్ ఎక్కాలె!" ఆటో డ్రైవరు అందుకున్నాడు. గ్రౌండంతా అందుకుంది. పట్టాభిరామయ్య కట్టు కోసం జేబు వెతికాడు. దండ కింద జేబు దొరకలేదు. గులాబీ రంగు సైకిల్ సీటు వైపు చూశాడు. దాని వెనక ఏప్రిల్ నిలబడి ఉంది.

అప్పుడే గేటులోంచి ఒక ఆటో దూసుకొచ్చింది. తారామణి దూకినంత పని చేసింది. జుట్టు రేగిపోయి ఉంది. జనాన్ని తోసుకుంటూ వచ్చి, మెడలో దండతో నిలబడ్డ మొగుణ్ని చూసి, ముందు భోరుమంది. తరవాత చెయ్యి గిల్లి చూసింది. ఆయన అబ్బా అన్నాడు. అప్పుడు కోపం వచ్చింది.

"సైకిల్ మీంచి పడి పోయారన్నారండీ! నా మతి మండా, ఎలా నమ్మాను? మీకసలు సైకిల్ తొక్కడమే రాదు కదా! ఎక్కడం రాని మనిషి పడతాడా?"

గోడల మీదున్నవాళ్లు మెడలు చాపారు.

"నిజమా సార్?" అంది సూర్యకళ.

పట్టాభిరామయ్యకు చిత్రంగా హాయి అనిపించింది. "నిజమే మేడమ్. రాదు. పదేళ్లప్పుడు కాలవలో పడ్డాను. మళ్లీ ఎక్కలేదు. చెప్పాలనే అనుకున్నా."

"రానోళ్లు పిల్లలకేం నేర్పుతరు సార్?" ఆమె మొహం బిగుసుకుంది. తల్లిదండ్రులు గుసగుసలాడారు. అమృత తల దించుకుంది. ఏప్రిల్ నెల డిసెంబరుకు ముందే వచ్చేసింది.

"దీనికా ఇన్ని అబద్ధాలు?" అంది తారామణి. కొంగు నడుముకు దోపింది. బుట్టలోంచి టిఫిన్ డబ్బా తీసి మొగుడి చేతిలో పెట్టింది. హ్యాండిల్ పట్టుకుంది. పెడల్ మీద కాలు పెట్టి రెండడుగులు తన్ని, ఎక్కి కూర్చుంది.

గ్రౌండు చుట్టూ పూర్తిగా ఒక రౌండు తొక్కింది. మలుపు వచ్చినప్పుడల్లా చెయ్యి చాపింది. ఎదురొచ్చిన కుక్కకు గంట కొట్టి దారి చూపించింది. పట్టాభిరామయ్య ముందు బ్రేకు వేసి, కాలు నేలకానించి ఆగింది. బాలరాజు అనవసరంగా ఏడ్చాడు. బ్రేకులు చక్కగా ఉన్నాయి.

"నీకు... సైకిల్ వచ్చా?"

"రేపల్లెలో ఎనిమిదో క్లాసప్పుడు మా డ్రిల్లు టీచరు నేర్పారు. అందర్నీ వరసగా నిలబెట్టి, వారానికి రెండు పీరియడ్లు. బళ్లో నేర్చుకున్నది ఎక్కడికి పోతుంది?"

"పెళ్లయి ముప్పై ఏళ్లయింది. ఒక్కసారీ చెప్పలేదే?"

"మీరెప్పుడు అడిగారు? ఇంట్లో సైకిలన్నది ఉంటేగా! ఏం తొక్కమంటారు, కత్తిపీటా?"

తల్లుల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. సూర్యకళ మొహం విప్పారింది. ఆమెకు నిర్ణయాలు తీసుకోవడానికి ఎక్కువసేపు పట్టదు.

"అమ్మా, మీరే నేర్పాలె. సార్ క్లాస్‌ల రోడ్డు రూల్స్ చెప్తరు, మీరు గ్రౌండ్ల తొక్కిస్తరు. రెండూ కలిపి సార్ పేరు మీదనే ఉంటది. కాని సార్, ఒక్క షరతు." ఆయన వైపు తిరిగింది. "మీరు కనబడితె పిల్లలు దిగుతరు. అందుకే సైకిల్ పీరియడ్ అయ్యేదాక మీరు పై అంతస్తుల స్టాఫ్ రూమ్‌లనే కూసోవాలె. ఏం పని చెయ్యొద్దు. కిటికీలకెల్లి గూడ తొంగి చూడొద్దు."

పాతికేళ్ల ఉద్యోగంలో అంత అందమైన ఆర్డరు పట్టాభిరామయ్య వినలేదు. "అలాగే మేడమ్," అన్నాడు వినయంగా. వెంటనే పైకి వెళ్లి కూర్చున్నాడు. కింద గంటలు మోగాయి, పిల్లలు కేకలేశారు, ఎవరో పడ్డారు, లేచారు. ఆయన టిఫిన్ తిని నిద్రపోయాడు.

సాయంత్రం తారామణి తొక్కుతుంటే వెనక క్యారియర్ మీద దండతో సహా కూర్చుని ఇంటికి బయల్దేరాడు. హబ్సిగూడలో నరేందర్ సెల్యూట్ కొట్టాడు. వెనక నుంచి వచ్చిన అమృత అలవాటుగా సైకిల్ దిగబోయింది.

"దిగకమ్మా! సారు ఎక్కే ఉన్నారు!" అని కేకేసింది తారామణి. అమృత గంట కొట్టి దాటి వెళ్లింది. ఆ వెనక పిల్లలంతా గంటలు కొడుతూ దాటి వెళ్లారు.

ఆ సాయంత్రం నాచారం నుంచి ఉప్పల్ దాకా నడిచి వెళ్లింది బాలరాజు ఒక్కడే. పొద్దున ఏడుస్తూ బైకు ఎక్కడ నిలబెట్టాడో ఆయనకు ఎంతకీ గుర్తు రాలేదు.