కిందివాడ గిరక, 1985

"ఎల్లగిరిపేట ఇక మీదట ఊరు కాదు, నగరం" అని మునిసిపల్ చైర్మన్ జలపతిరావు గారు 1960 జనవరి 26న, జెండా ఎగరేసిన అయిదు నిమిషాలకు ప్రకటించారు. పెద్దపల్లి నుంచి మంథని పోయే బస్సు ఆ రోజు కూడా మా నగరంలో ఆగకుండానే పోయింది. పాపం, డ్రైవరుకు సంగతి ఇంకా అందినట్టు లేదు.

"నగరమన్నంక దూరదృష్టి ఉండాలె" అన్నారు చైర్మన్ గారు. "ఇరవై అయిదేండ్ల దృష్టి. 1985ల మన నగరం ఎట్లుండాలె? నేను చెప్ప. మీరే చెప్పాలె. దొర చెప్తె జనం విన్న రోజులు పోయినయ్. ఇప్పుడు జనం చెప్తరు, దొర వింటడు!"

చప్పట్లు మోగాయి. ఎక్కడ కొట్టాలో ఆయన జీతగాళ్లకు ముందే తెలుసు కాబట్టి చప్పట్లలో ఒక్క పొరపాటు కూడా దొర్లలేదు.

నేను మిడిల్ స్కూల్లో డ్రాయింగు మాస్టర్ని. ఇంతటి మహత్కార్యాన్ని దగ్గరుండి చూసే అదృష్టం నాకు పట్టడానికి కారణం నా చేతిరాత. హైదరాబాదు నుంచి వచ్చిన సర్క్యులర్లో "ప్లాను తయారీలో అన్ని వర్గాల ప్రజల అభిప్రాయములు సేకరించవలెను, ఏ ఒక్కరిని మినహాయించరాదు" అని ఉంది. అభిప్రాయాలు రాయడానికి మంచి చేతిరాత కావాలి. 1985 నాటి నగరాన్ని గీయడానికి కుంచె కావాలి. ఈ రెండూ ఒకే మనిషి దగ్గర దొరకడం మునిసిపాలిటీకి బాగా కలిసొచ్చింది. స్త్రీల తరఫున చైర్మన్ గారి సతీమణి ప్రమోదిని గారిని ప్లాను కమిటీలో వేసుకున్నారు. ఆమె అభిప్రాయం చైర్మన్ గారే చెప్పారు.

ముందు మ్యాపు. ఇరవై అడుగుల పొడుగు, పన్నెండు అడుగుల వెడల్పు ఉన్న గుడ్డ మీద నేను నగరాన్ని గీశాను. రోడ్లు, పార్కులు, విమానాలు దిగే ఏరోడ్రోం. గోదావరి మా ఊరికి ఎనిమిది మైళ్ల దూరంలో ఉంది గనుక గుడ్డ మీద పట్టలేదు. చైర్మన్ గారు కాసేపు ఆలోచించి, "ఇవతలికి జరుపు" అన్నారు.

"మంథనోళ్లు ఏమన్నా అంటారేమో సార్."

"1985ల చూసుకుందం తియ్యి."

గోదావరిని మార్కెట్టు వెనక నుంచి పారించాను. ఇంకా డబ్బాడు నీలం రంగు మిగిలింది. రంగు ఎండిపోతే దండుగ కదా అని చైర్మన్ గారు ఒక చెరువు కూడా మంజూరు చేశారు.

మ్యాపు తయారైంది గానీ లేవదు. వెదురు బొంగుకు కుట్టిన తర్వాత నలుగురు మనుషులు ఎత్తాల్సినంత బరువైంది. బెల్లంపల్లి నుంచి తెప్పించిన దుంగలు రెండు పాతి, పైన అడ్డదూలం వేసి, తాడుతో లాగుదామంటే ఆ తాడు తిరగడానికి ఒక గిరక కావాలి. మునిసిపల్ జవాను కైలాసం చురుకైన మనిషి. అతని ఇల్లు కిందివాడలో. అక్కడి చేదబావి గిరక విప్పుకొని అరగంటలో వచ్చేశాడు.

"గంటల తెచ్చిస్తనని చెప్పొచ్చిన సార్" అన్నాడు నాతో.

ఆ సాయంత్రం బజారులో మొదటి ప్రజాభిప్రాయ సభ జరిగింది. చైర్మన్ గారు తాడు లాగారు. గిరక కిర్రుమంది. 1985 మెల్లగా, ఒక దిక్కు కొంచెం ఒరిగి, పైకి లేచింది. జనం నోళ్లు తెరిచి చూశారు. నా బొమ్మను అంతమంది ఒక్కసారి చూడటం నా జన్మలో అదే మొదలు, నా కళ్లలో నీళ్లు తిరిగాయి కూడా.

"చెప్పుర్రి! మీకేం గావాలె?" అన్నారు చైర్మన్ గారు.

ఎవరూ మాట్లాడలేదు. దొర అడిగితే ఏమీ అక్కర్లేదని చెప్పడం మా దగ్గర తాతల నాటి అలవాటు. అప్పుడు ఆడవాళ్లలోంచి ఒకామె లేచింది. యాభై ఏళ్లుంటాయి. కొంగు తడిసి ఉంది. ఆమె కిందివాడ ఐలవ్వ.

"మా గిరక మాకియ్యుర్రి" అంది.

చైర్మన్ గారి ముఖం వెలిగిపోయింది. కిందివాడ ఆడమనిషి సభలో లేచి నోరు విప్పడం ఎల్లగిరిపేట చరిత్రలో ఎన్నడూ లేదు.

"శాబాష్! రాసుకో మాస్టర్. అభిప్రాయం నంబర్ ఒకటి."

"అభిప్రాయం కాదు దొరా, గిరక. గా మీద ఏలాడుతున్నది మాదే."

"మాదే అంటున్నది, ఇన్నరా!" చైర్మన్ గారు సభ వైపు తిరిగారు. "ప్లాను సర్కారుది కాదు, మాదే అంటున్నది. గీ భావనే గావాలె మనకు!"

జీతగాళ్లు చప్పట్లు కొట్టారు. నేను రిజిస్టరు తెరిచి, "ఏ సంవత్సరం వరకు కావాలి అవ్వా?" అని అడిగాను.

"ఏ సంవత్సరమేంది పంతులూ? ఇప్పుడే గావాలె. ఇంట్ల చుక్క నీళ్లు లెవ్వు. కోడలుకు ఏడో నెల, వొంగి తోడుతున్నది."

రిజిస్టరులో అయిదు గడులున్నాయి: 1965, 1970, 1975, 1980, 1985. 'ఇప్పుడు' అనే గడి లేదు. హైదరాబాదులో అచ్చు వేసినప్పుడు ఎవరికీ తోచినట్టు లేదు. నేను 1965 కింద గుర్తు పెట్టబోయాను.

"ఆగు" అన్నారు చైర్మన్ గారు. "65ల రోడ్లున్నయ్, 70ల ఏరోడ్రోం, 75, 80ల పార్కులున్నయ్. 85 ఒక్కటే ఖాళీగ ఉన్నది. అండ్ల రాయి."

రాశాను. నా చేతిరాతలో అది చాలా అందంగా వచ్చింది.

సభ అయిపోయాక ఐలవ్వ కైలాసాన్ని పట్టుకుంది. కైలాసం నేల చూపులు చూశాడు.

"ఇంక పదమూడు సభలున్నయి చిన్నవ్వా. దానికి నంబరు సుత పడ్డది."

నిజమే. మ్యాపు సరంజామాకంతా నంబర్లు వేయమంటే నేనే తెల్లరంగుతో వేశాను. గిరకకు నాలుగో నంబరు వచ్చింది. నంబరు పడిన వస్తువు మునిసిపాలిటీది. అది ఎక్కడినుంచి వచ్చిందని అడిగే గడి ఏ రిజిస్టరులోనూ లేదు.

కిందివాడ చేదబావి పన్నెండు గజాల లోతు. గిరక ఉన్నప్పుడు పదేళ్ల పిల్ల కూడా నవ్వుతూ తోడేది. అది లేకపోతే బావి ఒడ్డున గడ్డ మీద నిలబడి, బావిలోకి వంగి, బొక్కెనను చేతులతో లాగాలి. చేదిన నీళ్లు సగం గడ్డ మీదే ఒలుకుతాయి, గడ్డ పాచిపడుతుంది. అయిదో రోజున ఐలవ్వ కోడలు బాలవ్వ కాలు జారింది. పక్కనున్న వాళ్లు కొంగు పట్టి గుంజారు కాబట్టి బతికింది. ఆ రోజు నుంచి కోడలిని బావి దగ్గరికి రానీయకుండా తన వంతు, కోడలి వంతు నీళ్లూ ఐలవ్వే తోడింది.

తోడి, ఊరుకోలేదు. రెండో సభకు పదిమందిని వెంటేసుకొని వచ్చింది. మూడో సభకు ముప్పైమందిని. గిరక ఎక్కడుంటే వాళ్లక్కడ. వ్యాపారుల సభ, పింఛనుదార్ల సభ, ఆఖరికి క్లబ్బులో జరిగిన మేధావుల సభ కూడా వదల్లేదు. ప్రతి సభలోనూ ఒకటే మాట: "మా గిరక." నేను ప్రతిసారీ రాశాను: "గిరక కావలెను, 1985." మహిళల హాజరు చూసి హైదరాబాదు నుంచి అభినందన లేఖ వచ్చింది. పక్క మునిసిపాలిటీల వాళ్లు ఇంతమంది ఆడవాళ్లను ఎట్లా కదిలించారో కిటుకు చెప్పమని చైర్మన్ గారికి ఉత్తరాలు రాశారు.

"ప్రేమ" అని జవాబు రాయించారు ఆయన.

ఏడో సభ నాటికి ఐలవ్వ విసిగిపోయింది. కమ్మరి ముత్తయ్య దగ్గరికి పోయి, పాత బండి చక్రం నడిమి కుందంతో ఒక కొత్త గిరక చేయించి బావికి బిగించింది. కిందివాడ ఆ పూట పండగ చేసుకుంది. మర్నాడు ఓవర్సీరు వచ్చి విప్పుకుపోయాడు. ప్లాను తేలేదాకా నగరంలో ఎవరూ ఎక్కడా కొత్తగా మేకు కొట్టరాదని ఆర్డరు ఉంది మరి.

ముత్తయ్య పనితనాన్ని మాత్రం చైర్మన్ గారు మనస్ఫూర్తిగా మెచ్చుకున్నారు. అప్పటిదాకా ఒక్క గిరకతో మ్యాపు ఒక దిక్కు ఒరుగుతూ ఉండేది. రెండోది దొరికాక 1985 రెండు దిక్కులా సమంగా లేవడం మొదలుపెట్టింది. దానికి అయిదో నంబరు వేశాను.

వేసిన రోజున ఐలవ్వ నా దగ్గరికి వచ్చి తన రెండు అరచేతులు చూపింది. తోలు లేచిపోయి, తాడు మెలికలు అచ్చుగుద్దినట్టు పడి ఉన్నాయి. నాకు సిగ్గేసింది. చాలా సిగ్గేసింది. ఇంటికి పోయి అన్నం కూడా తినలేదు. మర్నాడు ఎనిమిదో సభకు కుంచె, రిజిస్టరు పట్టుకొని తయారుగా ఉన్నాను.

కైలాసం పరిస్థితి నా కంటే అన్యాయం. "మా ఇంటామె యాదవ్వ నాకు నీళ్లు బంద్ పెట్టింది సార్. ఆఫీసుల తాగి, ఆఫీసుల తానం చేసి పొమ్మంటున్నది. జర దొరతోటి చెప్పరాదు?" అన్నాడు. చెప్పాను. జవాన్లు కూడా ప్లానులో లీనమై ఆఫీసులోనే స్నానాలు చేస్తున్నందుకు చైర్మన్ గారు పొంగిపోయారు.

పద్నాలుగు సభలు పూర్తయ్యాయి. ఫలితాలు చూడటానికి హైదరాబాదు నుంచి డైరెక్టర్ గారే స్వయంగా వచ్చారు. నేను నిలబడి చదివాను: మొత్తం అభిప్రాయాలు నాలుగు వందల పన్నెండు. చైర్మన్ గారు చల్లగుండాలని ముప్పై నాలుగు. ఏరోడ్రోం ఒకటి. గిరక మూడు వందల డెబ్భై ఏడు.

డైరెక్టర్ గారు కళ్లజోడు తీసేశారు. "ఇంతటి ఏకాభిప్రాయం నేను రాష్ట్రంలో ఎక్కడా చూడలేదండీ. ఆ బావి ఒకసారి చూడాలి."

అందరం కిందివాడకు నడిచాం. డైరెక్టర్ గారు బావి చుట్టూ తిరిగి, రెండు కర్రల మధ్య ఖాళీ చూసి, "మరి గిరక లేదేమిటి?" అని అడిగారు.

"1985 కదండీ" అన్నారు చైర్మన్ గారు.

డైరెక్టర్ గారు తల పంకించారు. ఆయన కూడా దూరదృష్టి ఉన్న మనిషే. "అయితే ఆ 1985 ఎలా ఉంటుందో ప్రజలకు కళ్లారా చూపించాలి. డిమాన్‌స్ట్రేషన్! ముగింపు సభ ఇక్కడే పెట్టండి. మ్యాపు గోడకు ఆనించి, ఆ రెండు గిరకలూ బావికి బిగించండి. సభ జరిగినంతసేపు ఉండాలి. అయిపోగానే మ్యాపుతో పాటు లారీ ఎక్కించండి. హైదరాబాదు ఎగ్జిబిషన్లో పెడదాం."

సభ జరిగినంతసేపు. ఆ మాట ఐలవ్వ విన్నది. వినడం నేను చూశాను.

ఆ మధ్యాహ్నమే మూడు గంటలకు సభ మొదలైంది. చైర్మన్ గారు లేచారు. ఆయన ఉపన్యాసం ఎప్పుడూ చేంతాడంత ఉంటుందని ఊళ్లో చెప్పుకుంటారు. ఆ రోజు చప్పట్లు ఆయన జీతగాళ్ల కంటే ముందే ఆడవాళ్ల నుంచి వచ్చాయి. మాటమాటకీ చప్పట్లు. ఆయన ఒక్క క్షణం తడబడి, గొంతు పెంచారు. వెనక రెండు గిరకలూ కిర్రుమంటూనే ఉన్నాయి. పదిమంది చప్పట్లు కొడుతుంటే పదిమంది తోడుతున్నారు, వీళ్లు అలసిపోతే వాళ్లు. బిందెలు, కాగులు, గోళాలు, ఆఖరికి పసులు తాగే కుడితి తొట్లు కూడా వరసకట్టాయి. ఫోటోగ్రాఫరు నాలుగు ఫోటోలు తీసుకొని వెళ్లిపోయాడు. రైలు వేళయిందని డైరెక్టర్ గారు జీపెక్కారు.

చైర్మన్ గారు 1970 వరకు వచ్చి ముగించబోతే ఎవరిదో ఆడగొంతు అరిచింది: "75ల ఎట్లుంటది దొరా?" ఆయన చెప్పారు. "80ల?" చెప్పారు. ఆయనకు గొంతు ఎండిపోయింది. ఐలవ్వ అప్పుడే తోడిన నీళ్లు చెంబుతో తెచ్చి ఇచ్చింది. "తాగుర్రి దొరా. తాగి నిమ్మళంగ చెప్పుర్రి." ఆయన గటగటా తాగారు. అంత చల్లటి నీళ్లు తానెన్నడూ తాగలేదని సభాముఖంగా చెప్పి, 1985 మొదలుపెట్టారు. అది అయ్యేసరికి పొద్దు వాలింది. లారీ డ్రైవరు హారను కొట్టాడు. అప్పుడు నాకేమైందో గానీ, రిజిస్టరు మూసి లేచి నిలబడ్డాను.

"1990 సంగతి కూడా సెలవియ్యండి సార్" అన్నాను.

ఆయన నన్ను కౌగిలించుకున్నంత పని చేశారు. 1990కి, 1995కి ముప్పావుగంట పట్టింది. ఆ తర్వాత జైహింద్ అన్నారు. దండ తీసి, వేదిక మెట్లు దిగారు. కైలాసం బావి కర్ర ఎక్కి గిరక మీద చేయి వేశాడు. కింద అతని భార్య యాదవ్వ, ఇంకా వంతు రాని రెండు ఖాళీ బిందెలతో, అతని వైపే చూస్తోంది.

"దొరా!" అని పిలిచింది ఐలవ్వ. "రెండువేల సంవత్సరం సంగతి చెప్పకనే పోతున్నరా?"

చైర్మన్ గారు ఆగిపోయారు. వెనక్కి తిరిగారు. ఆయన కళ్లు చెమర్చాయి.

"నా ప్రజలు ఇంత దూరం చూస్తరని నేను అనుకోలే" అన్నారు గద్గదంగా, మళ్లీ మెట్లెక్కుతూ.

కైలాసం గిరక మీది నుంచి చేయి తీశాడు. యాదవ్వ బొక్కెన బావిలోకి వదిలింది.