సాక్షులు లేని మంచుకొండ

మస్కట్ నగరంలో వాడి కబీర్ అనే పేటలోని తెలుగువాళ్లందరూ నమ్ముతున్న మాట ఒకటుంది: రిటైరైన ఫిజిక్స్ మాస్టారు నాగేంద్రప్రసాద్ ఈ చలికాలం ఆల్ప్స్ పర్వతాల మీద స్కీయింగ్ చేసి వచ్చాడని. వర్క్‌షాపుల్లో నమ్ముతున్నారు, స్కూల్ బస్సుల దగ్గర నమ్ముతున్నారు, అల్ ఖువైర్ ఆఫీసుల్లో కూడా నమ్ముతున్నారట. సదరు నాగేంద్రప్రసాద్ ఈ వ్యాసకర్తే. ఆధారం లేనిదే దేన్నీ నమ్మవద్దని జీవితమంతా పాఠం చెప్పినవాడు కనుక, తన గురించి కూడా పరాయివాడి గురించి రాసినట్టే రాయడం ఉచితమని భావించాడు.

ముందుగా సిద్ధాంతం. స్కీయింగ్‌కు వెళ్లేవారు పెద్ద రిసార్టుల్లో దిగరాదు. నిశ్శబ్దమైన చిన్న పల్లెను బేస్‌గా ఎంచుకోవాలి! అది ఎంత మారుమూలదైతే అంత మేలు.

ఎందుకంటారా? ఆస్ట్రియాలో వ్యాసకర్త ఎంచుకున్న పల్లెనే చూడండి. వెబ్‌సైటులో ‘ప్రశాంతం’ అని రాసి ఉంది. ఉన్న ఒక్క కొట్టునూ మధ్యాహ్నమే మూసేస్తారని దాని భావమట. ఇది వరం కాదా? మస్కట్ మాల్స్‌లో తిరిగి తిరిగి అలసిన ప్రాణానికి, కొనడానికి ఏమీ దొరకకపోవడాన్ని మించిన విశ్రాంతి ఏముంటుంది? ఫోన్ సిగ్నల్ చర్చి మెట్ల మీద మాత్రమే అందేది. ఒక హేతువాదిని రోజూ చర్చికి నడిపించిన ఘనత ఆ పల్లెది! ఇక స్కీ కొండకు బస్సులో పోవాలి. ఆ బస్సు ఎప్పుడో గాని రాదు. మనసు మార్చుకోవడానికి ఇంతటి వెసులుబాటు ఏ రిసార్టులో ఉంది?

నిజం చెప్పాలంటే అసలు కారణం వేరు. వ్యాసకర్త పడితే చూడడానికి తెలిసిన మొహం ఒక్కటీ ఉండకూడదు. వాలుతలం మీద వస్తువు ఎలా జారుతుందో బోర్డు మీద బాణాలు గీసి చెప్పిన మనిషి, తానే వస్తువై జారితే పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులు ఊరుకుంటాయా?

మొదటి ఉదయం కొండ కింద అద్దె బూట్లు తొడుక్కుని నిలబడ్డాడు. గురుత్వాకర్షణ, ఘర్షణ, తన బరువు, తన మోకాళ్లు, అన్నింటినీ పరిగణనలోకి తీసుకున్నాడు. ఫలితం తేలగానే బూట్లు విప్పేశాడు. సైన్స్ గెలిచింది! ఆ విజయాన్ని మిగిలిన రోజులన్నీ కొండ కింది హోటల్లో, కిటికీ పక్కన, కాఫీతో అనుభవించాడు.

ఆయన భార్య మంగళ ఏ లెక్కా వేయలేదు. చిన్నపిల్లల క్లాసులో చేరింది. పడింది, లేచింది, మళ్లీ పడి మంచులోనే కూర్చుని నవ్వుకుంది. తిరుగు ప్రయాణం దగ్గరపడేసరికి పెద్ద వాలు మీంచి మెలికలు తిరుగుతూ కిటికీ ముందుకొచ్చి ఆగింది. వ్యాసకర్త ఫొటో తీశాడు. హెల్మెట్, కళ్లకు గాగుల్స్, మెడ నుంచి ముక్కు దాకా ముసుగు. అందులో మనిషి ఆనవాలంటూ ఏదీ లేదు. చర్చి మెట్లెక్కి దాన్ని మస్కట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

మస్కట్ చేరాక, కింది అంతస్తులో ఉండే కడప జహీరుద్దీన్ ప్రయాణం ఎలా జరిగిందని అడిగాడు. ‘నేను’ అనడమే గొప్పలు పోవడమని నేర్చుకుని పెరిగిన మంగళ, “స్కీయింగ్ బాగానే చేశాం భాయ్” అంది.

ఈ ‘చేశాం’ చాలా ప్రమాదకరమైన క్రియ. విన్నవాళ్లు దాన్ని న్యాయంగా రెండు వాటాలు వేశారు: చేయడం ఆయనకు, చూడడం ఆమెకు.

“ఈ వయసులో అంత కొండ దిగినారంటే మాటలు కాదు సార్. మా గౌహర్ నమ్మలా. ఫొటో చూపిస్తే అప్పుడు నమ్మింది” అన్నాడు జహీరుద్దీన్. చూశారా, ఆధారం చూసి మరీ నమ్మిన ఇల్లాలు!

దిగింది తాను కాదు, మంగళ అని వ్యాసకర్త చెప్పాడు. జహీరుద్దీన్ నవ్వాడు. “మీరెప్పుడూ ఇంతే సార్. చేసిందంతా మేడమ్ పేరు మీద ఏస్తారు.”

ఖండించినకొద్దీ వదంతి బలిసింది. తెలుగు సంఘం కార్యదర్శి నవీన ఫోన్ చేసి, శుక్రవారం సభలో శాలువా కప్పి సన్మానిస్తామంది. వ్యాసకర్త ససేమిరా అన్నాడు. “మీ వినయం గురించి కూడా ఇద్దరు మాట్లాడతారు సర్” అని ఆమె ఫోన్ పెట్టేసింది.

నువ్వే లేచి చెప్పమని మంగళను బతిమాలాడు. ఆమె ఆరిన బట్టలు మడతపెడుతోంది.

“నేను చెబితే మాత్రం నమ్ముతారా? మీరే నాతో చెప్పించారంటారు.” మడత పెట్టిన చీరను పక్కన పెట్టి అంది, “శాలువా మీరే కప్పుకోండి. ఆ కొండ దిగుతున్నంతసేపూ నా వయసు నాకు గుర్తు రాలేదండీ. ఆ సంగతి ఎవరికైనా చెప్పుకోవాలని ఉంది, అంతే. చెబితే వింటారు గానీ, మీ గురించి వింటారు.”

ఆ పల్లెలో మనవాడు ఒక్కడున్నా సాక్ష్యం చెప్పేవాడు. తాను పడడం ఎవరి కంటా పడకూడదనుకున్న పెద్దమనిషి, ఆమె నిలబడడాన్ని కూడా ఎవరూ చూడని ఊరును వెతికి మరీ ఎంచుకున్నాడు. ఎంత ప్రశాంతమైన ఊరు!

కనుక శుక్రవారం సభకు వచ్చేవారందరికీ తెలియజేయునది: ఆ ఫొటో తీసింది నాగేంద్రప్రసాద్. అందులో కొండ దిగి నిలబడినది మంగళ.