పిడుదుకొక కుర్చీ

పాఠక మహాశయులారా! కుక్క చెవి వెనుక మినపగింజలా ఉబ్బి కూర్చునే పిడుదును చూసి అసహ్యించుకొనే వారికి పరిపాలనాదక్షత అంటే ఏమిటో తెలియదని నా నిశ్చితాభిప్రాయం.

కాదంటారా? మన హోసూరులో ఒక శాఖవారు మరొక శాఖ గుమ్మం తొక్కగా ఎవరైనా చూశారా? పిడుదు తొక్కుతుంది! ఇవాళ కుక్క, రేపు మనిషి. సెలవు పెట్టదు, పై అధికారి సంతకం అడగదు.

దాని సేవలను గుర్తించి, మూకండపల్లిలోని మా లేఅవుట్ అసోసియేషన్ వారు రవాణా సౌకర్యం కూడా కల్పించారు. మా వీధికుక్కలను టెంపోలో ఎక్కించి గురుబరపల్లి దగ్గర దింపి వచ్చారు. వారం తిరగకముందే ఆ ఊరివారు తమ కుక్కలను తెచ్చి మా గేటు ముందు దింపారు. మర్యాదస్తులు! పిడుదులకు మాత్రం రానుపోను ఉచితం.

ఆ అతిథులలో కొన్ని మా డ్యూక్‌ను ఆశ్రయించాయి. డ్యూక్ సద్వంశసంజాతుడైన లాబ్రడార్; ఇంగ్లిషులో పిలిస్తే తప్ప పలకడు. పిడుదు వాడి పెడిగ్రీ సర్టిఫికెట్ అడిగిందా? లేదు! ఎంతటి సమదృష్టి! అదే సమదృష్టితో నా శ్రీమతి రామలక్ష్మమ్మ మోకాలి వెనుక కూడా కరిచింది. ఆమె దాన్ని లాగి, గోటితో చిదిమి, కొంగుకు తుడుచుకొని, పప్పుకు తాలింపు వేయడానికి వెళ్లింది.

కొన్నాళ్లకు ఇద్దరికీ జ్వరం. వాడు అన్నం ముట్టడు, ఆమె మంచం దిగదు.

పెద్ద ఆసుపత్రి డాక్టరుగారు డెంగీ చూశారు, టైఫాయిడ్ చూశారు, మలేరియా చూశారు. ఏదీ లేదు గనుక "వైరల్" అన్నారు.

"డాక్టరప్పా, నన్ను పిడుదు కరిసింది. మా కుక్కకీ జొరమే" అన్నది రామలక్ష్మమ్మ.

"కుక్క సంగతి కుక్కల డాక్టర్ని అడుగు పోమ్మా!" అని ఆయన నవ్వారు.

ఆహా, ఏమి శాఖాపరమైన క్రమశిక్షణ!

పశువైద్యురాలు శోభనగారికి ఆ క్రమశిక్షణ కొంత తక్కువ. డ్యూక్ రక్తం పరీక్షించి, పిడుదు జ్వరమని తేల్చి, మందు రాసి, ఊరుకోక నన్ను అడిగారు: "ఇంట్లో ఇంకెవురికన్నా జొరముందా సార్?"

చెప్పాను.

"అయ్యో, గోటితో చిదమకూడదు సార్! అమ్మకి నేను మందు రాయకూడదు. ఆ డాక్టరుకే మళ్లా గట్టిగా చెప్పండి."

డ్యూక్ కోలుకొని తోక ఆడిస్తున్నాడు. శ్రీమతి మంచం మీదనే ఉన్నది.

కావున ప్రభుత్వంవారికి నా సవినయ ప్రతిపాదన: మనుషుల ఆసుపత్రికీ పశువుల ఆసుపత్రికీ నడుమ పిడుదుకొక కుర్చీ వేయించండి. రెండు చోట్ల సంగతీ తెలిసిన అధికారి అదొక్కటే గదా!

ఈ ప్రతిపాదనను శ్రీమతికి చదివి వినిపించాను.

"కుర్చీ మాట అట్లుండనీండి. నా మెడకి డ్యూకు బెల్టు కట్టి ఆ శోభనమ్మ కాడికే తోలుకోని పోండి. ఆయమ్మ అడగనన్నా అడిగింది" అన్నది.

నవ్వబోయి, ఆమె నుదుటి మీద చెయ్యి వేశాను. కాలిపోతున్నది.

ఆటో పిలిచాను. పెద్ద ఆసుపత్రికే. ఆమె పక్కన డ్యూక్‌ను కూడా ఎక్కించాను. డాక్టరుగారు ఈసారైనా వినకపోతే, వాడే మొరిగి చెబుతాడు.