తాత్కాలిక పన్నుకు జేజేలు!

తాత్కాలిక పన్నును మించిన వరం మనిషికి ఇంకొకటి లేదని ఢంకా బజాయించి చెబుతున్నాను. నవ్వకండి!

మా అల్మెండ్రా ఊళ్ళో ఫైరింజన్ల కోసం, పోలీసుల కోసం ఏ వస్తువు కొన్నా డాలరుకు అర సెంటు అదనంగా వసూలు చేస్తారు. ఐదేళ్ళకే అన్నారు. అది పదిహేడేళ్ళ కిందటి మాట. ఈలోగా నలుగురు మేయర్లు మారారు, రెండు సినిమా హాళ్ళు మూతపడ్డాయి, నా నెత్తి మీది జుట్టంతా ఊడిపోయింది. ఆ అర సెంటు మాత్రం చెక్కుచెదరలేదు. శాశ్వతమనుకున్నవన్నీ పోయి తాత్కాలికమే నిలిచింది! ఇంతటి వేదాంతం ఏ చర్చిలో చెబుతారు?

గడువు తీరినప్పుడల్లా పొడిగించాలా వద్దా అని మా చేత ఓటేయిస్తారు. అందుకు నెల ముందు ఇంటింటికీ ఓ రంగుల కాగితం వస్తుంది. అందులో తగలబడుతున్న ఇల్లు, ఆ ఇంటి ముందు ఓ కుక్కపిల్ల. ఆ కుక్కపిల్ల కళ్ళల్లోకి చూస్తూ 'వద్దు' అని ఓటేసే కసాయివాడు మా ఊళ్ళో పుట్టలేదు. ఇంటి ముందు గడ్డిలో 'అవును' బోర్డు పాతనివాడూ లేడు. నేనైతే రెండు పాతాను.

ఇక ఈ పన్ను వల్ల మనసుకు కలిగే ఉల్లాసం సంగతి! పక్క ఊరు వెస్ట్‌బ్రూక్‌లో ఈ పన్ను లేదు. కాబట్టి మేకులు కావాలన్నా, సబ్బులు కావాలన్నా బాదం తోటల మధ్య నుంచి ఇరవై నిమిషాల షికారు. పెట్రోలు ఖర్చు అంటారా? సూత్రం ముఖ్యం గానీ పెట్రోలు ముఖ్యమా? మా టవారెస్ తాత పోతూ పోతూ, "నా శవపెట్టె వెస్ట్‌బ్రూక్‌లోనే కొనండర్రా, లేకపోతే అందులో పడుకోను" అని కొడుకుల చేత ప్రమాణం చేయించుకున్నాడు. అదీ నిష్ఠంటే!

పైగా ఇరుగుపొరుగుల మధ్య స్నేహం పెరిగింది. సొంత ఊళ్ళో ఏళ్ళ తరబడి ముఖాలు చూసుకోని వాళ్ళం వెస్ట్‌బ్రూక్ షాపు పార్కింగ్‌లో వారానికి మూడుసార్లు కలుస్తున్నాం. పన్ను డబ్బు సక్రమంగా ఖర్చవుతోందో లేదో చూడడానికి పౌరుల కమిటీ ఒకటి ఉంది. దాని అధ్యక్షురాలు నాకు అక్కడే కనబడింది, కారు మీద కొత్త పరుపు కట్టుకుంటూ. నన్ను చూసి పరుపు వెనక దాక్కుంది. పాపం, నేనూ నా కొత్త నిచ్చెన వెనకే ఉన్నాను.

మరి వసూళ్ళు తగ్గవా? తగ్గాయి. దాంతో మా వీధి చివరి ఫైర్ స్టేషన్‌కు మంగళవారాలు తాళం వేస్తున్నారు. ఆ రోజు ఊరంతటికీ ఒకే ఫైరింజన్. ఇదీ మన మంచికే! మంగళవారం నిప్పు రాజేయకూడదన్న క్రమశిక్షణ పౌరులకు అలవడుతుంది కదా?

ఆ క్రమశిక్షణ లేనిది మా ఆవిడ ఓడెట్ ఒక్కదానికే. మొన్న మంగళవారం, ఈస్టర్ ముందటి నలభై రోజుల ఉపవాసాలు మొదలయ్యే ముందు రోజు. మా పోర్చుగీసు ఇళ్ళల్లో ఆ రోజు మలసాదాలు వేయించాలి. తీపి పిండిని చేత్తో సాగదీసి మూకుడు నిండా నూనెలో వేస్తారు. మధ్యలో నూనె పీల్చుకునే పేపర్ టవల్స్ అయిపోయాయి.

"మూల మీద షాపుకెళ్ళి ఓ రోల్ పట్రావయ్యా, రెండు నిమిషాల్లో వచ్చెయ్," అంది.

మూల మీద షాపా! పన్ను కట్టా! నేను వెస్ట్‌బ్రూక్ వెళ్ళాను.

అక్కడ పార్కింగ్‌లో ఎర్రగా, నిలువెత్తున నిలబడి ఉంది మా ఊరి ఫైరింజన్. కెప్టెన్ రస్ నిప్పుల మీద మాంసం కాల్చుకునే కొత్త పొయ్యిని దాని వెనక తాడుతో కడుతున్నాడు. స్టేషన్లో వాళ్ళ వంట వాళ్ళే చేసుకుంటారు, పిలుపొస్తే అట్నుంచి అటే పోవచ్చని బజారుకు కూడా ఫైరింజన్ మీదే వెళ్తారు.

"ఏరా రస్, మన ఊళ్ళో పొయ్యిలు దొరకట్లేదా?"

"దొరుకుతాయి బాబాయ్. పన్ను పడుద్దిగా!"

"ఆ పన్ను నీ జీతంరా!"

"మరి నీ సంచిలో ఉన్నదేంటో?"

నేను నోరు తెరిచేలోగా వాడి రేడియో గరగరలాడింది. వంటింట్లో మంటలు. ఫిగ్ స్ట్రీట్, నలభై రెండో నంబరు.

"రస్, అది మా ఇల్లురా," అన్నాను.

"ఎక్కు బాబాయ్!"

ఆ ఇరవై నిమిషాలూ సైరన్ మోగుతూనే ఉంది, వెనక పొయ్యి డబడబలాడుతూనే ఉంది. నేను మొక్కని సెయింటు లేడు. నలభై ఏళ్ళుగా నాకు వండిపెడుతున్న మనిషిని నూనె మూకుడు ముందు ఒంటరిగా వదిలేసి అర సెంటు కోసం వచ్చాను.

ఓడెట్ ఇంటి ముందు మెట్ల మీద కూర్చుని ఉంది. కుడిచేతికి తడిగుడ్డ. మూకుడు మీద మూత పెట్టి మంట తనే ఆర్పేసింది. కిటికీ తెర కాలిపోయింది, గోడంతా మసి, చేతి మీద బొబ్బలు. వీధి చివరి స్టేషన్ దాకా పరుగెత్తి, తాళం చూసి, తిరిగొచ్చి మరీ ఆర్పింది.

రస్ మందుల పెట్టెతో పరుగెత్తుకొచ్చి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేను చేతిలో సంచి పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆమె ఫైరింజన్ వెనక పొయ్యిని చూసింది. నా సంచి మీద షాపు పేరు చూసింది. తిడుతుందనుకున్నాను.

"వచ్చే ఏడు మలసాదాలు వెస్ట్‌బ్రూక్ పార్కింగ్‌లో వేయిస్తానయ్యా," అంది. "ఏమన్నా అయితే ఆర్పడానికి ఊరంతా అక్కడే ఉంటారుగా!"